నోటీసు బుక్కులో నేను పెట్టిన టిక్కు

మా వారపత్రిక తాలూకా అంతటికీ వార్తలు చెప్పేది. ఏ వాగు పొంగిందో, ఏ ఊరి బడికి పంతుల్ని వెయ్యలేదో, మిరపకి ఏ తెగులొచ్చిందో అన్నీ మాకు తెలుసు. మా ఆఫీసులో ఏం జరుగుతోందో మాత్రం అందులో పనిచేసే మాకే తెలిసేది కాదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే వెళ్లి కుడితిలో పడ్డట్టుండేది వ్యవహారం. ఆ బల్లిని కుడితిలోంచి తీసే ఉద్యోగం పంతొమ్మిదొందల యాభైల చివర్లో నాకిచ్చారు.

పత్రిక యజమాని జగ్గయ్యపేటలో పెద్ద వ్యాపారి. అందరం షావుకారు గారనేవాళ్లం. ఆయన దుకాణం వెనక రెండు గదుల్లో పత్రిక ఆఫీసు. రాసేవాళ్లు, దిద్దేవాళ్లు, మేనేజరు అక్కడే. అచ్చు వేసే ప్రెస్సు మాత్రం నందిగామలో ఉండేది. ఎవరో నడపలేక అమ్ముకుంటుంటే షెడ్డుతో సహా కొన్నారట, అందుకని అక్కడే ఉండిపోయింది. రాసిన కాగితాలు పొద్దున బస్సులో పేట నుంచి వచ్చేవి. మధ్యలో రోడ్డు, చిల్లకల్లు అనే ఊరు, దుమ్ము. కాగితాలు వచ్చేవి గానీ మాటలు వచ్చేవి కావు. సెలవులు మారాయని పేటలో అనుకుంటే నందిగామలో ఆ సంగతి తెలిసేసరికి ఆ సెలవు దాటిపోయేది. అప్పుడు అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు అలిగేవాళ్లు, మేనేజరు అరిచేవాడు, పత్రిక ఒకరోజు ఆలస్యంగా వచ్చేది.

అందుకని నోటీసు బుక్కు అని ఒకటి పెట్టారు, దాన్ని మొదట చూసినాయన పోయాక నన్ను దానికి కట్టేశారు. మేనేజరు కార్బను కాగితాలు పెట్టి నాలుగు కాపీలు రాసేవాడు. అడుగున పడ్డ నాలుగోది మా నందిగామకి. నేను దాన్ని అందరికీ చదివి వినిపించి, పొడుగాటి పుస్తకంలో అంటించి, పేర్లెదురుగా సంతకాలు చేయించి పేటకి పంపాలి.

"చెప్పామా లేదా అన్నది కాదయ్యా, చెప్పినట్టు కాగితం ఉందా లేదా అన్నది," అనేవాడు మేనేజరు. మంచి మేనేజరే. మనిషిగా ఎలాంటివాడో తెలుసుకునే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

సంతకాల దగ్గర ఒక చిక్కొచ్చింది. ప్రెస్సులో ఎవరి చేతులు చూసినా సిరా. బుక్కు పెట్టిన మొదటి వారమే దాని నిండా వేలిముద్రలు పడి, పోలీస్ స్టేషన్ రికార్డులా తయారైంది. షావుకారు గారికి అలాంటి పుస్తకం ముట్టుకోవడమే ఇష్టం లేదు. దాంతో మా ప్రెస్సులో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. నేను చదువుతాను, విన్నవాళ్లు "ఊఁ" అంటారు, అన్నవాడి పేరెదురుగా నేనే టిక్కు పెడతాను. టిక్కంటే సంతకంతో సమానం. నాకు ముందున్నాయన సెలవులో ఉన్న మనిషికి టిక్కు పెట్టి ఆ వారమే ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. చేరిన రోజునే ఆ సంగతి మేనేజరు నాకు రెండుసార్లు చెప్పాడు.

ముందు గదిలో నలుగురు కంపోజిటర్లు. వెనక షెడ్డులో అచ్చు మెషిను, దాన్ని తిప్పే ఆయిల్ ఇంజను, ఆ రెండిటికీ కలిపి ఒకే మనిషి. మేస్త్రి అనేవాళ్లం. యాభై దాటినాయన. ఊరు వీరులపాడు. ప్రెస్సు చేతులు మారకముందు నుంచీ ఆ మెషిను మీదే ఉన్నాడు. పనిచేస్తున్నంతసేపూ ఎడమ అరచెయ్యి మెషిను పక్క మీద ఆనించి ఉంచేవాడు. అలవాటు కాబోలనుకున్నాను.

అది అలవాటు కాదని నాకు చర్చిలో తెలిసింది.

మాదీ ఆయనదీ నందిగామలో ఒకే చర్చి. ఆదివారం ఆయన రెండో వరసలో కూర్చునేవాడు. కీర్తన పాడేటప్పుడు అందరికంటే అర లైను వెనకుండేవాడు, పక్కాయన నోరు చూస్తూ. ప్రార్థనప్పుడు అందరం తల వంచి కళ్లు మూసుకుంటే ఆయన ఒక్కడూ కళ్లు తెరిచి పాస్టరు గారి మొహంకేసి చూస్తుండేవాడు. నేనెందుకు చూశానంటారా, నేనూ కళ్లు మూసుకోలేదు కాబట్టి. పాస్టరు గారి పెదాలు ఆమేన్ దగ్గరికి రాగానే అందరితో సమంగా ఈయనా ఆమేన్ అనేవాడు.

రెండాదివారాలు చూశాక అర్థమైంది. మేస్త్రికి వినపడదు. ఆ ఇంజను పక్కన అన్నేళ్లు నిలబడితే ఎవరికి వినపడుతుంది? మాటని పెదాల మీద చదువుకుంటున్నాడు, మెషిన్ని అరచేత్తో వింటున్నాడు. ఎక్కడ ఏ కీలు ఎండిందో, కాగితం ఎక్కడ ముడత పడబోతోందో ఆ చేతికి తెలిసిపోయేది. చెవులు బాగున్న నాకేమో మెషిను పాడైతే తప్ప అది పాడవబోతోందని తెలిసేది కాదు.

సోమవారం షెడ్డులోకెళ్లి ఆయనకి ఎదురుగా నిలబడి, గొంతు బయటికి రాకుండా పెదాలు మాత్రం ఆడిస్తూ, "నాకు తెలిసిందండీ," అన్నాను. వయసు చిన్నది, తెలివి చూపించుకోవాలన్న దుగ్ధ.

ఆయన మొహం తెల్లబోయింది. చుట్టూ చూసి, "ఎవరికన్నా చెప్పావా బాబూ?" అన్నాడు.

"చెప్పలేదండి."

"చెప్పమాక. చెవిటోణ్ణి మెషిను కాడ ఉంచరు. చెయ్యి పోద్దంటారు, ఇంటికి పొమ్మంటారు. ఈ మెషినొక్కటే నా చేతికి తెలుసు. ఇంకో ప్రెస్సుకెళ్తే మొదటిరోజే బయటపడిపోద్ది."

చెప్పనన్నాను. ఆ రోజు నుంచి నోటీసు చదివేటప్పుడు ఆయనకి ఎదురుగా నిలబడి, పుస్తకం ఛాతీ దాకా దించి, ఒక్కో మాటా నిదానంగా చదివేవాణ్ణి. కంపోజిటర్లు పక్కనుండి, "పాస్టరు గారి పక్కన చేరి ఈయనకీ ప్రసంగం అలవాటైంది," అని ఎగతాళి చేసేవాళ్లు. మేస్త్రి నా మొహం చూసి చివర్లో "ఊఁ" అనేవాడు. నేను టిక్కు పెట్టేవాణ్ణి. అలా రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లూ నేనేదో ఘనకార్యం చేస్తున్నానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

అరవైల మొదట్లో ప్రెస్సుని పేటకి మార్చాలనుకున్నారు. ఈ సంగతి నోటీసు లేకుండానే అందరికీ తెలుసు. కంపోజిటర్లు పేటలో అద్దె ఇళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టి నెలలైంది. మేస్త్రికీ తెలుసు. మెషిన్ని ఎట్టా విప్పాలి, ఏ భాగం ఏ బండి మీద ఎక్కించాలి అని ఆయన అప్పటికే ఆలోచిస్తున్నాడు.

ఆ వారం నోటీసు మధ్యాహ్నం బస్సులో వచ్చింది. పైన మేనేజరు చీటీ: మూడింటి బస్సుకే టిక్కులతో పుస్తకం తిరిగి పంపాలి. నోటీసేమిటంటే, ప్రెస్సుతోపాటు పేటకి వచ్చి పనిచెయ్యడానికి ఇష్టపడేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఆ సంగతి రాసివ్వాలి. రాసివ్వనివాళ్లకి రావడం ఇష్టం లేదని అర్థం, వాళ్ల పని నందిగామలోనే ముగుస్తుంది.

అప్పటికే రెండూ ముప్పావు. కాగితం చూస్తే నాలుగో కార్బను. మేనేజరు పెన్సిలు అంత లోతుకి దిగలేదు. అక్షరాలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. షెడ్డులో చీకటి, ఉన్నది ఒక్క కిటికీ. అందర్నీ అక్కడికి పిలిచాను. మెషిను ఆపలేదు. కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, కళ్లు చిట్లించి గబగబా చదివేశాను. కాగితం దించి ఒక్కొక్కరి మొహమే చూశాను. ఊఁ, ఊఁ, ఊఁ, ఊఁ. మేస్త్రి వంక చూసి కనుబొమలెగరేశాను. ఆయన కూడా "ఊఁ" అన్నాడు. ఐదు టిక్కులు పెట్టి బస్సు దగ్గరికి పరిగెత్తాను.

చదివినంతసేపూ ఆ కాగితం నా మొహానికి అడ్డంగా ఉంది. అది నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడే మా ఊరు రెడ్డిగూడెం నుంచి కబురొచ్చింది, మా నాన్నకి జ్వరం ఎక్కువైందని. రెండు బస్సులు మారి వెళ్లాను. మా నాన్న బడిపంతులు కదా, జ్వరంలోనూ నా చేత థర్మామీటరు రెండుసార్లు చూపించుకుని, సరిగ్గా చదివానో లేదో తానూ చూసుకున్నాడు. సోమవారానికి తగ్గింది. తిరిగొచ్చాను. నేను లేని ఆ మూడు రోజుల్లో కంపోజిటర్లు నలుగురూ తలా ఒక కాగితం రాసి ఒకే కవర్లో పెట్టి బస్సులో పంపేశారు. ముందు గదిలో జరిగింది అది. వెనక షెడ్డుకి ఎవరూ వెళ్లి చెప్పలేదు. ఆయన విడిగా ఇచ్చి ఉంటాడనుకున్నారట.

మంగళవారం పేట నుంచి పుస్తకం తిరిగొచ్చింది, దాంతోపాటు ఒక జాబితా. ఇష్టం తెలిపినవారు నలుగురు. తెలపనివారు ఒకరు.

షెడ్డులోకి వెళ్లాను. మేస్త్రి మెషిను ఆపి నూనె పోస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"పేటకొస్తానని రాసివ్వలేదేందండీ?"

"ఏం రాసియ్యాలి?"

"శనివారంలోగా రాసివ్వాలని నోటీసు చదివా కదండీ. మీరు ఊఁ అన్నారు."

ఆయన నూనె డబ్బా కిందపెట్టాడు. "కిటికీ కాడ చదివింది అదా? కాగితాల కాడ బీడీలు కాల్చొద్దని అనుకున్నా. నెలకోసారి అదే కదా వచ్చేది." చేతులు గుడ్డకి తుడుచుకుని, "మెషినెళ్తే నేనెళ్లనా బాబూ? దానికి వేరే కాగితమేంది?" అన్నాడు.

అప్పుడు తట్టింది. ఆయన ఒక్క మాట కూడా నన్ననలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పుకునేవాణ్ణి.

వెంటనే ఆయన చేత కాగితం రాయించి, పక్కన నేనొక చీటీ పెట్టి పంపాను. సాయంత్రం బస్సులోనే జవాబొచ్చింది. గడువు దాటింది, నోటీసు విన్నట్టు టిక్కు ఉంది, ఏదన్నా చెప్పుకునేదుంటే రేపు షావుకారు గారి ముందు చెప్పుకోమన్నారు, పుస్తకంతో సహా నన్నూ రమ్మన్నారు. మేనేజరుకి తొందరుంది. ఆయన బావమరిది కోదాడలో ఒక ప్రెస్సులో మెషిను మీద ఉన్నాడని మాకందరికీ తెలుసు. నోటీసులు అక్కర్లేని వార్తలు కొన్ని ఉంటాయి.

బుధవారం పొద్దున మేస్త్రీ నేనూ ఒకే సీట్లో కూర్చున్నాం. పుస్తకం నా ఒళ్లో ఉంది. దారంతా ఆలోచించాను. చెవుల సంగతి చెబితే నోటీసు వినలేదని నమ్ముతారు, మరుక్షణం చెవిటివాణ్ణని ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే టిక్కు ఉంది. మిగిలింది ఒకటే దారి: నేను చదవనే లేదు, తొందరలో టిక్కు పెట్టేశాను అనడం. అలా అంటే మేస్త్రి ఉద్యోగం నిలుస్తుంది, నాది పోతుంది. ముందున్నాయన దారే నాదీ.

పోతే పోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు ఎవరూ నమ్మక్కర్లేదు.

ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు కాబట్టి చెప్పడానికి వీల్లేకపోయింది. చిల్లకల్లులో బస్సు ఆగినప్పుడు దిగి, టీ గ్లాసు చేతికిచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నేను చదవలేదని చెప్తానండి. మీరేం మాట్లాడమాకండి."

నా పెదాలకేసి చూశాడు. "అట్టా చెప్తే నీ పని?"

"చూద్దాంలెండి."

"మీ నాయనకి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండి."

టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చి బస్సెక్కాడు.

షావుకారు గారి గదిలో మిరపకాయల ఘాటు. పక్క కొట్లో బస్తాలు దించుతున్నారు. ఆయన పరుపు మీద కూర్చుని ఉన్నారు, పక్కన కుర్చీలో మేనేజరు. పుస్తకం ఇచ్చాను. ఆ పేజీ తీసి చూశారు. మేం ఇద్దరం నిలబడ్డాం. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, మేస్త్రికి తప్ప అక్కడ అందరికీ వినపడుతోందేమో అనిపించింది.

నన్నే ముందు అడుగుతారనుకున్నాను. చెప్పాల్సిన మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. షావుకారు గారు పుస్తకంలోంచి తలెత్తి, కళ్లజోడు తీసి, తిన్నగా మేస్త్రి మొహంలోకి చూశారు. వెలుతురు షావుకారు గారి మొహం మీదే పడుతోంది.

"ఏమయ్యా, ఈ నోటీసు నీకు చదివి వినిపించాడా ఈ అబ్బాయి?"

"ఊఁ," అన్నాడు మేస్త్రి. పెద్దమనిషి ముందు ఊఁ అనడం మర్యాద కాదని తోచిందేమో, మళ్లీ స్పష్టంగా, "చదివాడండి," అన్నాడు.

నేను ఆయన వంక తిరిగాను. ఆయన నా వంక చూడలేదు.

మేనేజరు పుస్తకం తన వైపు లాక్కుని, తల దించి పేజీలు తిప్పుతూ, "మరి రాసివ్వలేదేం?" అన్నాడు.

మేస్త్రి పలకలేదు. షావుకారు గారి మొహమే చూస్తూ నిలబడ్డాడు. అడిగింది ఆయన కాదు, అడిగినవాడి పెదాలు పుస్తకంలోకి వంగి ఉన్నాయి. అడిగారని మేస్త్రికి తెలియనే లేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

"ఏమయ్యా, అంటే ఇష్టం లేదనేగా?" అన్నాడు మేనేజరు, తల ఎత్తకుండానే.

మేస్త్రి కళ్లు షావుకారు గారి మీదే ఉన్నాయి. షావుకారు గారు కాసేపు చూశారు. "పోన్లే, వయసైంది, ఊరు విడిచి రాలేడు," అన్నారు. అని మేనేజరు దగ్గర్నుంచి పుస్తకం తీసుకుని నా చేతికిస్తూ, "నీ పుస్తకం శుభ్రంగా ఉందయ్యా. పేటలో కూడా నువ్వే చూసుకో," అన్నారు.

నోరు తెరిచాను. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది.

"చిత్తమండి," అన్నాను.

పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఎండకి రోడ్డు కాలుతోంది. నా మొహం ఆయనకి కనపడకుండా కాస్త ముందు నడిచాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన నా భుజం తట్టి తన వైపు తిప్పుకున్నాడు.

"ఆ పక్కనాయన ఏదో అడిగినట్టున్నాడు. ఏమడిగాడు?"

"ఎందుకు రాసివ్వలేదని అడిగాడండి."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పలేదండి."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. మాట చదివేశాక కూడా ఇంకా చదవాల్సిందేదో ఉన్నట్టు చూశాడు.

"ఊఁ," అన్నాడు.

ఆయన ఒక్క మాట చెప్పి నన్ను కాపాడాడు. ఆ మాట తర్వాత నా మాట వస్తుందనే ధైర్యంతో చెప్పాడేమో, లేక రాదని తెలిసే చెప్పాడేమో. ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. సిగ్గేసి అడగలేదు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది, మేనేజరు మీద కాదు, నా మీదే.

మెషిన్ని విప్పడానికి ఇంకెవరికీ చేతకాలేదు. మేస్త్రే నాలుగు రోజులు నిలబడి ప్రతి ముక్కా విప్పించి, గుడ్డలు చుట్టించి, బళ్లకెక్కించాడు. చివరి బండి కదిలేటప్పుడు ఎడమ చెయ్యి దాని మీద ఆనించి రోడ్డు దాకా నడిచాడు. నేను నోటీసు బుక్కు పట్టుకుని ఆ బండే ఎక్కాను.

అంతకుముందు, ఇంకా నందిగామలో ఉండగా వచ్చిన చివరి ఆదివారం చర్చికి వెళ్లాను. ఆయన రెండో వరసలోనే ఉన్నాడు. ప్రార్థన మొదలైంది. అందరూ లేచి నిలబడి తల వంచారు. నేను కళ్లు తెరిచి ఆయన వంక చూశాను. నేను చూసిన ఆ రెండేళ్లలో మొదటిసారి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. ఇంక ఎవరికీ తెలియకుండా దాచుకోవాల్సిన పని లేదు కదా. పాస్టరు గారు ముగించారు. అందరం ఆమేన్ అన్నాం. అందరం కూర్చున్నాం, పాస్టరు గారు పుస్తకం తెరిచారు, అప్పుడు కూడా ఆయన కళ్లు మూసుకునే నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం తిరిగి చూశారు. పక్కాయన చెయ్యి పట్టి లాగితే కళ్లు తెరిచి, గట్టిగా, ఒక్కడే, ఆమేన్ అన్నాడు.